కిటికీ కోసం చక్కెర మానేసిన మూడో గుంట

నమోదు 1

ఈ పుస్తకం రాయాలట. ఏం వండాం, ఎంత మిగిలింది, ఎవరికి ఏం తేడా చేసింది, రోజూ రాసి పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. ఇన్నాళ్ళూ ఈ పని యంత్రం చేసేది. మొన్న దాని మీద సాంబారు ఒలికింది. ఒలకబోసింది నేనే గనక రాసేదీ నేనే అన్నారు మా అధ్యక్షులవారు. సరే, రాస్తున్నా. దస్తూరి బాగోలేదని తర్వాత ఎవరూ నా దగ్గరికి రావద్దు.

నా పేరు పేరిందేవి. మూడో గుంట వంటశాల పెద్దని. వయసు భూమి లెక్కలో యాభై ఎనిమిది, కుజుడి లెక్కలో ముప్పై ఒకటి. ఇక్కడున్నాం గనక ఇక్కడి లెక్కే చెప్పుకుంటాను. మా ఆయన నూకరాజు, నీటి గొట్టాల మేస్త్రీ. పెళ్ళిచూపులప్పుడు ఆయన జాతకంలో కుజదోషం ఉందని మా అమ్మ నానా గోల చేసింది. ఇప్పుడు ఏకంగా కుజుడి మీదే కాపురం. ఇంక ఆ దోషం మమ్మల్ని ఏం చేస్తుందో చెయ్యమనండి.

మూడో గుంట అంటే గుంటే. నేల కింద నలభై అడుగుల్లో ఉంటాం. రెండొందల పద్నాలుగు మందిమి. గాలి ఉంది, నీళ్ళున్నాయి, మడుల్లో వరి పండుతుంది, గోంగూర పండుతుంది. కిటికీ ఒక్కటే లేదు. తొమ్మిదేళ్ళ నుంచి గోడల్నీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళూ చూసుకుంటున్నాం.

ఇవాళ తీపి ఎన్నికలు జరిగాయి. సరుకు ఓడ ఇరవై ఆరు నెలలకొకసారి వస్తుంది. పంచదార బస్తాలు బరువు, దానికి చోటివ్వరు. బస్తాడు పంచదార చేసే పని గుప్పెడు స్టీవియా పొడి చేస్తుంది. అందుకని పంచదార బదులు ఏం తెప్పించుకోవాలో ఓటేసి తేల్చుకుంటాం. మూడేళ్ళు దాటిన ప్రతి నాలుకకీ ఓటే. స్టీవియాకి ఎనభై ఎనిమిది, ఎరిత్రిటాల్‌కి డెబ్బై ఆరు, సుక్రలోజ్‌కి నలభై అయిదు. స్టీవియా వాళ్ళు నడవల్లో డప్పులు కొట్టుకుంటూ తిరిగారు. ఎరిత్రిటాల్ వాళ్ళు తలుపులేసుకున్నారు. ఈ రెండు వర్గాలూ పిల్లనిచ్చి పుచ్చుకోవు. స్టీవియా ఇంటికి కోడలిగా వెళ్తే అత్తగారి కాఫీ చేదెక్కుతుందని వాళ్ళంటే, ఎరిత్రిటాల్ పాయసం తాగితే నోట్లో చలేస్తుందని వీళ్ళంటారు.

నేను ఎవరికీ ఓటెయ్యలేదు. నాకు అన్నీ వండి అన్నిటి బతుకూ తెలుసు.

నమోదు 3

మిగిలిపోయిన మాల్టిటాల్ అనే ఇంకో తీపి పొడితో లడ్డూలు చేశాను. మనిషికి ఒకటి చాలని పలక మీద రాసి మరీ పెట్టాను. చక్కెర లేదు కదా అని తలా అయిదు లాగించారు. మధ్యాహ్నానికి మరుగుదొడ్ల ముందు వరస పంపుల గది దాకా వచ్చింది. ఎవరో వరసలో చెప్పులు పెట్టి వెళ్ళారు. వాటి మీద కూడా గొడవ.

డాక్టర్ సువార్త వచ్చి నన్ను కాదు, వాళ్ళని తిట్టింది. "అలాంటి వాటికి ఓ హద్దుంటుందండీ. కడుపు ఒప్పుకున్నంతే. చక్కెర లేదని రాస్తే హద్దు లేదని కాదు" అంది. చిన్నపిల్ల, భూమి లెక్కలో ముప్పై రెండేళ్ళు. తిట్టినా ముద్దుగానే ఉంటుంది.

మా ఆయన లడ్డూ ముట్టుకోలేదు. మెచ్చుకుందామనుకునేలోపు తెలిసింది, చక్కెర లేని బిస్కట్లు తొమ్మిది తిన్నాడట. రక్తంలో చక్కెర చూస్తే రెండొందల నలభై. "అందులో చక్కెర లేదు కదే!" అంటాడు. "మైదా లేదా? మైదా కడుపులోకి పోయి ఏమవుతుందనుకున్నారు, ముత్యాలవుతుందా?" అన్నాను. డబ్బా వెనక రాసిందంతా చదివించాను, కళ్ళజోడు పెట్టి మరీ.

నమోదు 5

సువార్త నాలుగో గుంటకి కాన్పు చెయ్యడానికి వెళ్తోంది. బండి మీద ఎనిమిది రోజుల దారి. నెల దాకా రాదు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో చిన్న డబ్బా పెట్టింది. అందులో అరవై గ్లూకోజ్ బిళ్ళలు.

"పిన్నిగారూ, బాబాయిగారిది ఇన్సులిన్ ఒళ్ళు. ఒక్కోసారి చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు పోసి, చేతులు వణికి, మాట తడబడితే ఆలోచించొద్దు. నాలుగు బిళ్ళలు నోట్లో పెట్టండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పెట్టకూడదు. దానికి సూదిమందుండాలి, మన దగ్గరున్నది గడువు దాటిపోయింది. కాబట్టి అందాకా రానివ్వకండి."

"స్టీవియా నీళ్ళిస్తే?" అన్నాను, తెలిసే అడిగాను, ఆమె నోటితో ఒకసారి విందామని.

"నోరు నమ్ముతుంది పిన్నీ. రక్తం నమ్మదు. అప్పుడు కావలసింది తీపి కాదు, అసలు చక్కెర."

ఆ డబ్బా నా బొడ్లో దోపుకున్నాను. స్నానానికి వెళ్తే తప్ప తియ్యను. ఆ మనిషి బిస్కట్లు దొంగతిళ్ళు తింటాడు, చెప్పిన మాట వినడు, గురక పెడతాడు. అయినా నాకున్నది ఆయనొక్కడే. ఇది వంటశాల పుస్తకమని తెలుసు, అయినా రాస్తున్నాను.

నమోదు 6

కొంప మునిగింది.

అధ్యక్షుడు గంధం బ్రహ్మాజీ గారు అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టి ప్రకటన చదివారు. భూమి మీద ఆరోగ్య సంఘం వాళ్ళు కుజుడి మీది గుంటలన్నిటికీ పోటీ పెట్టారట. శూన్య చక్కెర ఆవాసం. ఇరవై అయిదు రోజుల్లో తనిఖీ అధికారి వస్తాడు. ఆయన దగ్గర ముక్కు అని ఒక యంత్రం ఉంటుంది. చక్కెర ఏ మూలనున్నా వాసన పట్టి కూత పెడుతుంది. కూత రాని గుంటకి బహుమతి.

బహుమతి ఏంటో చెప్పేముందు బ్రహ్మాజీ గారు చదవడం ఆపారు. మంచినీళ్ళు తాగారు.

"కిటికీ" అన్నారు. "మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. నిజం కిటికీ. పైదాకా వాలుగా తవ్వి పెడతారు, బయటికి కనిపిస్తుంది."

 అందరూ ఒక్కసారే ఏడిచారు. నేనూ ఏడిచాను, అబద్ధమెందుకు. మా ఆయన లేచి, గొట్టాల కొలత టేపు తీసి, అప్పటికప్పుడు భోజనాల గది గోడ మీద మూడు బై నాలుగు గీత గీసేశాడు. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉత్త గోడ చూస్తూ.

నమోదు 9

అప్పగింతల రోజు. దాచుకున్న చక్కెరంతా తెచ్చి ఎరువు ట్యాంకులో పోయాలని ఆజ్ఞ. ఎవరినీ తప్పు పట్టబోమన్నారు. ఏం వచ్చాయో రాస్తున్నాను, ఎందుకంటే నా కళ్ళతో చూడకపోతే నేనూ నమ్మను: దేవుడి పటం వెనక బెల్లం అచ్చు, దిండు గలీబులో పటికబెల్లం, భూమి నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన పూతరేకులు, తొమ్మిదేళ్ళకి రేకు వేరు తీపి వేరు అయిపోయినవి. ఒకావిడ దగ్గు మందు సీసా తెచ్చింది, ఆమెకి దగ్గు లేదు. స్టీవియా వర్గం నాయకుడి ఇంట్లోంచి కిలోంబావు పంచదార వచ్చింది. ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

అంతా ట్యాంకులో పోశారు. ఎరువు చేసే పురుగులు పండగ చేసుకున్నాయి. గ్యాసు పొంగి మూత రెండుసార్లు ఎగిరింది.

బ్రహ్మాజీ గారు నా దగ్గరికొచ్చారు. ఆయనకి నేను చెల్లెమ్మని, మా ఆయన బావగారు. చుట్టరికమేమీ లేదు, మాటల్లో కలుపుకున్నదే.

"చెల్లెమ్మా, ఆ డబ్బా..."

"ఏ డబ్బా అన్నయ్యగారూ?"

"నీ బొడ్లోది."

"అది మందు."

"మందైనా ముక్కుకి చక్కెరే కదమ్మా. రెండొందల పద్నాలుగు మంది కిటికీ..."

"మా ఆయన పోతే ఆ కిటికీలోంచి నేనేం చూడాలి? ఆయన్ని మోసుకెళ్ళడం చూడాలా?" అన్నాను. గదిలో అందరికీ వినబడేలాగే అన్నాను. బ్రహ్మాజీ గారు తలొంచుకుని వెళ్ళిపోయారు. మంచాయనే. కిటికీ పిచ్చి పట్టింది, అంతే.

నమోదు 14

ఇవాళ చేసినవి: ఆస్పర్టేమ్ పొడి కొంచెం ఉందని పాయసంలో వేసి మరిగించాను. నా బుద్ధి గడ్డి తింది. మరిగేసరికి తీపి అంతా పోయి సేమ్యా గంజి మిగిలింది. అది దింపాక కలపాల్సిన సరుకు. కొత్తగా చేరిన అమ్మాయి రెండో విడతలో చిటికెడు స్టీవియా వెయ్యమంటే చెంచాడు వేసింది. వేప కషాయం తాగినట్టుంది. మూడో విడతలో ఏమీ వెయ్యకుండా ఖర్జూరం ముక్కలు పడేద్దామంటే ఖర్జూరం లేదు, ఉన్నా ముక్కు ఒప్పుకోదు. చివరికి ఉప్పు వేసి సేమ్యా ఉప్మా అన్నాను. తిన్నారు.

నమోదు 17

బ్రహ్మాజీ గారు గోడ మీద కొత్త జాబితా అంటించారు. ముక్కు పాలల్లో చక్కెరని కూడా పట్టేస్తుందట, సోయా పాలు బంద్. టమాటా బంద్. ఉల్లిపాయలోనూ చక్కెర ఉందట, బంద్. క్యారెట్ని దొంగలాగా బయటికీడ్చారు.

నేను మడుల్లో ఇంకేం మిగిలిందని చూస్తే గోంగూర మిగిలింది. నాలుగు రోజులు గోంగూర. ఇద్దరు ఎరిత్రిటాల్ ఆడవాళ్ళు గోంగూర చూసి వాళ్ళ జన్మలో మొదటిసారి స్టీవియా వాళ్ళతో కలిసి ఏడిచారు.

నమోదు 21

నూకరాజు నా మొగుడు కాదు, నా పాలిటి శని. ఇవాళ నేను స్నానానికెళ్ళి వచ్చేసరికి డబ్బా లేదు. అడిగితే నవ్వుతాడు.

"ఇచ్చేశానే."

"ఎవరికి?"

"ట్యాంకుకి. అందరూ ఇచ్చారు, మేస్త్రీ పెళ్ళాం ఒక్కతే దాచుకుందని అంటున్నారు. నాకు తలెత్తుకోడానికి లేదు. ఎంతసేపు, ఇంకో పదిరోజులే కదా."

గరిటె విసిరాను. తగల్లేదు, తగలాలనే విసిరాను. తర్వాత మూల కూర్చుని ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "తొమ్మిదేళ్ళయిందే ఆకాశం చూసి. గొట్టాల్లో దూరే మనిషిని నేను. ఒక్కసారి కిటికీ ముందు కూర్చుంటే చాలు" అన్నాడు.  లేచి, విసిరిన గరిటె తీసుకున్నాను.

సువార్తకి కబురు చేద్దామంటే దుమ్ము తుఫాను, రేడియో గరగరమంటోంది. ఇంక నాకున్న దారి ఒకటే. వేళ తప్పకుండా తినిపించడం, రోజుకు ఆరుసార్లు వేలు గుచ్చి చూడడం. ఆయన వేళ్ళు జల్లెడ అయిపోయాయి.

నమోదు 26

అన్నం కూడా చక్కెరేనట! నమిలితే చక్కెరవుతుందట, ముక్కు ముందు ఎవరి నోట్లోనైనా మెతుకు దొరికితే పోతామట. తనిఖీ రోజు పొద్దున అన్నం బంద్ అని బ్రహ్మాజీ గారు తీర్మానం పెట్టారు. నేను లేచి నిలబడ్డాను. "ఇన్సులిన్ వేసుకున్న మనిషికి తిండి ఆపితే ఏమవుతుందో తెలుసా మీకు?" అని అరిచాను. చర్చ జరిగింది. చివరికి నూకరాజుకి ఒక్కడికి తెల్లారగట్ల ఆరింటికి వరిరవ్వ ఉప్మా పెట్టొచ్చు, తర్వాత మూడుసార్లు పుక్కిలించాలి అని ఒప్పందం. ఆ పొద్దున ఇన్సులిన్ కూడా సువార్త వెళ్తూ రాసిచ్చిన కాగితం ప్రకారం సగానికి తగ్గించమని చెప్పాను. సరేనన్నాడు.

నమోదు 31

ఇది తనిఖీ రోజు నమోదు. మర్నాడు రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి ఉప్మా గిన్నె ఆయన చేతికిచ్చి నేను వంటశాల కడిగించడానికి పరుగెత్తాను. నా తప్పు అదే. పక్కన కూర్చుని ప్రతి ముద్దా చూడాల్సింది.

తనిఖీ అధికారి పట్టాభి గారు పదింటికి వచ్చారు. సన్నగా, ప్రయాణానికి నలిగిపోయి ఉన్నారు. ముక్కు అంటే ఏమో అనుకున్నాం, సోరకాయంత గొట్టం, చివర చిన్న దీపం. వంటశాల చూశారు, కూత లేదు. గోదాము, లేదు. ఇళ్ళు, లేదు. మేమంతా ఊపిరి బిగబట్టుకుని వెనకాల నడుస్తున్నాం. భోజనాల గదిలోకొచ్చి ఆయన తుమ్మబోయి గొట్టం పక్కకి తిప్పారు. అది బ్రహ్మాజీ గారి ముందుకెళ్ళి కెవ్వుమంది.

బ్రహ్మాజీ గారు కట్టెలా బిగుసుకుపోయారు. నోరు కూడా తెరవలేదు. జేబులు వెతికారు, ఏమీ లేదు. గొట్టం నా వైపు తిప్పారు, కెవ్వు. పక్కావిడ వైపు తిప్పారు, కెవ్వు. ఎటు తిప్పితే అటు కూత.

పట్టాభి గారు నియమాల పుస్తకం తిరగేశారు. "మనుషుల రక్తంలో చక్కెర ఉంటుంది కదండీ" అన్నారు నీరసంగా. "మనిషికో చెంచాడు. యంత్రం దాన్ని పట్టేస్తోంది. ఆవాసం అంటే గోడలేనా, మనుషులు కూడానా అని ఇందులో రాయలేదు."

"మరెలా?" అన్నారు బ్రహ్మాజీ గారు. ఒక దవడ పళ్ళ నెప్పి ఉన్నవాడిలా మాట్లాడుతున్నారు.

భూమికి అడిగారు. కబురు వెళ్ళడానికి పన్నెండు నిమిషాలు, రావడానికి పన్నెండు, మధ్యలో వాళ్ళు టీ తాగడానికి ఎంతో. అందరం నిలబడ్డాం. రెండొందల పద్నాలుగు మందిలో ఒక్కొక్కళ్ళ దగ్గరికీ గొట్టం తీసుకెళ్ళి చూస్తున్నారు, పొద్దుపోక. కెవ్వు, కెవ్వు, కెవ్వు.

నూకరాజు దగ్గర కూత లేదు.

మళ్ళీ పెట్టారు. లేదు. దీపం పచ్చగా వెలిగింది. "ఇదుగో! మూడో గుంటలో ఒక్క మనిషి నూటికి నూరు పాళ్ళు శుద్ధంగా ఉన్నాడు!" అని బ్రహ్మాజీ గారు అరిచారు. చప్పట్లు. ఆయన్ని బల్లెక్కించారు. గోంగూర ఆకులతో దండ కట్టి మెళ్ళో వేశారు, వేరే ఆకు లేదుగా. ఆయన నవ్వుతున్నాడు. నేనూ ఒక క్షణం చప్పట్లు కొట్టాను. అదే నాకు మింగుడు పడడం లేదు.

అప్పుడు చూశాను. నుదుటి మీద చెమట. చల్లటి గది, ఎవరికీ చెమట లేదు. దండ సర్దుకోబోతుంటే చెయ్యి దండకి అందడం లేదు. నన్ను చూసి "సత్తెమ్మత్తా, బస్సు వచ్చిందా?" అన్నాడు. సత్తెమ్మత్త ఆయన మేనత్త. పోయి ముప్పై ఏళ్ళయింది.

బల్లెక్కి వేలు గుచ్చాను. నలభై ఆరు.

తర్వాత తెలిసింది, సూది పూర్తిగా వేసుకుని, ఉప్మా తీసుకెళ్ళి మొక్కల కుండీలో పెట్టాడు. ముక్కు ముందు తన వల్ల కూత రాకూడదని. ఊరి పరువు మోస్తున్నాడట మహానుభావుడు.

"చక్కెర!" అని అరిచాను. "పడిపోతున్నాడు, చక్కెర కావాలి!"

మా వాళ్ళు మంచివాళ్ళే, పరుగులు తీశారు. స్టీవియా వాళ్ళు స్టీవియా పానకం తెచ్చారు. ఎరిత్రిటాల్ వాళ్ళు హల్వా తెచ్చారు. మాదే ముందంటే మాదే ముందని బల్ల దగ్గర తోసుకున్నారు. సుక్రలోజ్ వాళ్ళు తక్కువమంది గనక వెనకనుంచి గ్లాసు ఎత్తి చూపిస్తున్నారు. ఆ పానకం గ్లాసు నా చేత్తో కొట్టి కింద పడేశాను.

"ఇవన్నీ నోటికి! ఈయనకి కావలసింది రక్తానికి! ఒక్క చెంచాడు అసలు చక్కెర, బెల్లం, ఏదైనా సరే. ఎవరి దగ్గరుంది?"

ఎవరూ కదల్లేదు.

పట్టాభి గారి చేతిలో గొట్టం ఉంది. భూమి నుంచి జవాబు ఇంకా రాలేదు. ఎవరు ఒక్క బెల్లం పలుకు తీసినా కిటికీ పోతుంది. నేను ఒక్కొక్క మొహమే చూశాను. తొమ్మిదేళ్ళు నా చేతి అన్నం తిన్న మొహాలు. కొందరు నేల చూశారు. కొందరు మా ఆయన గీసిన గీతని చూశారు. నేను లెక్కపెట్టాను, పదకొండు దాకా. పదకొండు అంకెల సేపు నేను ఆ ఊరి మీద పెట్టుకున్న నమ్మకమంతా పోయింది. చేతిలో ఆయన చెయ్యి తడిగా జారిపోతోంది.

అప్పుడు బ్రహ్మాజీ గారు బల్ల దగ్గరికొచ్చారు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నారు. కుడి దవడ లోపల్నుంచి ఏదో లాగారు. ఉసిరికాయంత బెల్లం ముక్క. ఒక పక్క అరిగి నున్నగా ఉంది. ఆయన మొహం మాడిపోయింది.

"చెల్లెమ్మా" అన్నారు. "ఇది ఎంగిలిది. పరవాలేదా?"

 లాక్కున్నాను. నలిపి గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, మా ఆయన్ని నా భుజానికి ఆనించి కూర్చోబెట్టి, గుక్క గుక్క తాగించాను. మింగుతున్నాడో లేదో గొంతు మీద చెయ్యి పెట్టి చూస్తూ. ఎంగిలి మంగలం అని మా అమ్మ చిన్నప్పుడు గిన్నెలు వేరు చేసేది. ఆవిడ చూస్తే ఏమనేదో.

వెనకాల ఎవరో చీర కుచ్చిళ్ళు విప్పుతున్న చప్పుడు. ఒకావిడ పటికబెల్లం తీసింది. ఇంకొకాయన చెప్పు అడుగు ఊడదీసి పంచదార పొట్లం తీశాడు. జడల్లోంచి, కళ్ళజోడు డబ్బాల్లోంచి, ఒకాయన కట్టుడు పళ్ళ వెనకనుంచి కూడా. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోకుండా తెచ్చి బల్ల మీద మా ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. తూకం వేస్తే నాలుగు కిలోల మూడొందలు. నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు ఎక్కువసేపుంది.

పావుగంటకి డెబ్బై ఎనిమిది. అరగంటకి అన్నం ముద్దలు పెట్టాను, తిన్నాడు. కళ్ళు తెరిచి సరిగ్గా చూసి, "పేరిందేవీ, కిటికీ వచ్చిందా?" అన్నాడు.

కొట్టాను. గోంగూర దండతోనే కొట్టాను.

భూమి నుంచి జవాబు అప్పుడు వచ్చింది. మనుషులు లెక్కలోకి రారట, గోడలూ సామానూ మాత్రమే చూడాలట. పట్టాభి గారు బల్ల మీద నాలుగు కిలోల మూడొందలూ చూశారు. గొట్టం కట్టేసి సంచిలో పెట్టుకున్నారు. కాగితం మీద "చక్కెర దొరికింది" అని రాశారు. "ఇంకోలా రాయడానికి లేదండీ" అన్నారు. ఆయన తప్పేముంది. వెళ్ళేముందు అన్నం తినమంటే రెండుసార్లు వడ్డించుకున్నారు.

నమోదు 33

కిటికీ నాలుగో గుంటకి వెళ్ళింది. సువార్త కాన్పు చేసి తిరుగు దారిలో ఉంది. రేడియోలో విషయమంతా చెప్తే మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుంది. తర్వాత, "బల్ల మీద చక్కెరలో అరకిలో మీ దగ్గర పెట్టండి పిన్నీ, దానికి తాళం వెయ్యొద్దు, దాచొద్దు, ఎవరు పడిపోయినా చేతికందాలి" అంది. బాబాయిగారిని నేనొచ్చి చంపుతానని కూడా అంది.

వంటశాల గుమ్మం పక్కన సీసాలో పెట్టాను. ఎవరూ ముట్టుకోవడం లేదు. ఉల్లిపాయలూ టమాటాలూ తిరిగొచ్చాయి. ఉల్లిపాయ వేయిస్తుంటే జనం గుమ్మం దగ్గర నిలబడి వాసన చూస్తున్నారు. టీలో స్టీవియా చిటికెడు నుంచి అర చిటికెడుకి తగ్గించాను. ఎవరూ గమనించలేదు. వచ్చే నెల ఇంకొంచెం తగ్గిస్తాను. ఎన్నికల్లో ఎవరు గెలిచినా ఇక్కడ గరిటె నాది.

ఆ పదకొండు అంకెలూ మాత్రం నేను మర్చిపోలేదు. ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. వడ్డిస్తున్నాను, అంతే.

నమోదు 36

మా ఆయన రెండు రోజులనుంచి మొహం వేలాడేసుకుని ఉన్నాడు. కిటికీ గురించే అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం గోంగూర ఒలుస్తుంటే పక్కనొచ్చి కూర్చుని చెప్పాడు.

"తొమ్మిదేళ్ళ తర్వాత బెల్లం తిన్నానే. రుచే తెలీలేదు."

కళ్ళలో నీళ్ళు. అంత మనిషికి.  కొంచెం పెడదామా అంటే ఈ వారం అంకెలు ఎగుడు దిగుడుగా ఉన్నాయి, సువార్త వచ్చేదాకా ప్రయోగాలొద్దంది. సీసాలోది మందు.

అంతలో బ్రహ్మాజీ గారు వచ్చారు. ఆ రోజునుంచి మా గుమ్మం తొక్కలేదు. గడప దగ్గరే నిలబడి "రావచ్చా చెల్లెమ్మా" అన్నారు. నేను తలెత్తలేదు. పీట మాత్రం కాలితో ఆయన వైపు జరిపాను.

"బావగారూ" అన్నారు కూర్చుని. "తప్పు నాది. క్షమాపణ అడగడానికొచ్చాను."

"అది సరే" అన్నాడు మా ఆయన. "ఆ బెల్లం ఎలా ఉంది?"

బ్రహ్మాజీ గారు నా వైపు చూశారు. నేను గోంగూర ఒలుస్తున్నాను.

"మా అన్నయ్య గానుగలో వండింది" అని మొదలుపెట్టారు. "ముందు నాలిక్కి కాస్త ఉప్పగా తగుల్తుంది బావగారూ. తీపి తెలీదు. దవడకి ఆనించి ఊరుకోవాలి. కంగారు పడకూడదు. అప్పుడు మెల్లిగా అంచులు కరుగుతాయి, కొంచెం పొగ వాసన..."

"పొగా?" అన్నాడు మా ఆయన, ముందుకు జరిగి.

"చెరుకు పిప్పి మంటది. చివర్లో ఇసుక రేణువులాగా ఒకటి పంటి కింద పడుతుంది. అది నలిగినప్పుడు ఉంటుంది చూడండీ..."

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. గుటకలు మింగుతున్నాడు. బ్రహ్మాజీ గారు కూడా కళ్ళు మూసుకునే చెప్తున్నారు. ఒక ముక్క గురించి గంటంబావు చెప్పారు. గోంగూర మొత్తం అయిపోయింది. అయినా కాడలు మళ్ళీ విరుస్తూ అక్కడే కూర్చున్నాను.

ఆయన వెళ్ళబోయేముందు, అలవాటు కదా, మా ఆయన వేలు గుచ్చి చూశాను. బ్రహ్మాజీ గారు వచ్చేముందు నూట పన్నెండు. ఇప్పుడూ నూట పన్నెండే.

రేపు కూడా రమ్మన్నాను.